తెల్లబట్టా నిప్పుగుంటా

జూన్ 18

లాంతరుకి,

పార్సిల్ విప్పగానే ముందు పుస్తకం వాసన చూడు, తర్వాతే ఉత్తరం చదువు. కొత్త అచ్చే అయినా, నాకు మాత్రం నాన్న బైండింగ్ దుకాణంలో జిగురు గిన్నె పక్కన కూర్చున్నట్టు అనిపించింది. అది వాసన వల్ల కాదేమో, పుస్తకం వల్లేనేమో.

అవును, మన నవలే. దుకాణం మూశాక నాన్న మనిద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టుకుని చదివింది. మన పేర్లు కూడా అందులోని సర్వేవాళ్ళ సామాన్లలోంచి ఏరినవేగా. ఎప్పటికీ నిద్రపోవని నువ్వు లాంతరువి, అన్నీ కొలిచి చూస్తానని నేను కొలబద్దని. ఈ ఏడాది అది తొమ్మిదో తరగతికి ఉపవాచకం అయింది. మా పాఠ్యపుస్తక సంఘంలో దాన్ని పూర్తిగా చదివినవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. ఒకాయనైతే వేట పుస్తకం అనుకున్నాడు. మొదటి ముద్రణ మా ఇంట్లో ఉంది, మా నాన్న చేత్తో కుట్టిన బైండు అన్నాను. దాన్నే ముందు పెట్టుకుని అచ్చు వేశారు.

ముందుమాట కూడా నన్నే రాయమన్నారు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని, ప్రతీకల గురించి నాకేం తెలుసని రాసి చింపాను, మళ్ళీ రాసి మళ్ళీ చింపాను. చివరికి చింపకుండా మిగిలినదాన్ని వాళ్ళు పట్టుకుపోయారు. చదివి చెప్పు. బాగోలేకపోతే మెల్లగా చెప్పు.

అమ్మ బాగానే ఉంది. వినికిడి యంత్రం పెట్టుకోమంటే, "నీ మాటలు వినడమెందుకే, మొహంలోనే కనిపిస్తున్నాయి" అంటోంది. ఫోన్ చెయ్యనులే, పోయినసారి గొడవయ్యాక పెట్టుకున్న ఒప్పందం గుర్తుంది. ఫోన్లో అయితే నేను ముందు అరుస్తాను, నువ్వు ముందు పెట్టేస్తావు. ఉత్తరమైతే అరిచినా చివరిదాకా చదవాల్సిందే.

ఆ కొండ మీది బడిలో నువ్వే ఈ పుస్తకం పాఠంగా చెబుతావని తలుచుకుంటే నవ్వొస్తోంది. నాన్న ఉంటే వీధి వీధంతా చెప్పుకునేవాడు.

నీ కొలబద్ద


జూలై 2

అక్కా,

వాసన చూశాను. ఉత్తరం చదివాను. ముందుమాట కూడా చదివాను. మెల్లగా చెప్పడం నాకు రాదని తెలిసే అడిగావు కదూ?

నీ వాక్యమే నీకు చదివి వినిపిస్తాను. "నవల చివర సర్వే అధికారి తన భోజనబల్ల మీది తెల్లబట్టను తడిసి వణుకుతున్న లోయ పిల్ల భుజాల మీద కప్పుతాడు. నాగరికత అనాగరికతను అక్కున చేర్చుకునే క్షణమిది. తెల్లబట్ట క్రమశిక్షణకు ప్రతీక, లోయవాసుల నిప్పుగుంట ఆదిమమైన ఆకలికి ప్రతీక." అబ్బ! ఇది మా పిల్లలు కంఠతా పట్టాలి. పరీక్షలో నాలుగు మార్కులు.

మా తరగతి సంగతి విను. సగంమంది ఊళ్ళో పిల్లలు, సగంమంది పై కొండవాడ నుంచి నడిచొచ్చేవాళ్ళు. మొన్నటిదాకా వాళ్ళ మధ్య గొడవలు బంతి దగ్గరా, బెంచీ దగ్గరా వచ్చేవి. నీ పుస్తకం వచ్చిన వారానికి కుళాయి దగ్గర విన్నాను: "ఏయ్ నిప్పుగుంటా, జరుగు. మేం తాగాక తాగుదువుగాని." వాడికి తిట్టడానికి మాట కావలసొచ్చింది, నువ్వు అచ్చువేసి పంపించావు. ఆ రోజే కొండవాడ పిల్ల ఒకత్తి తరగతిలో లేచి నిలబడింది. మామూలుగా నోరు మెదపదు. "టీచర్, మా ఇంట్లో పొయ్యి గుంటలోనే. అయితే మేం దేనికి ప్రతీక?" అంది.

చెప్పు. ఏం జవాబు చెప్పమంటావు?

ఆ సర్వేవాళ్ళు ఆనకట్ట కోసం లోయని కొలవడానికి వచ్చారు. అడవి మధ్యలో కూడా రోజూ సాయంత్రం మడతబల్ల మీద తెల్లబట్ట పరిచి, లాంతరు పెట్టుకుని భోంచేశారు. ఏటికి అవతల లోయవాళ్ళు నిప్పు ఆరిపోకుండా కాచుకున్నారు. వరదొచ్చి గుడారాలు, తిండి అన్నీ కొట్టుకుపోతే సర్వేవాళ్ళని తాడు కట్టి దాటించిందెవరు? ఒళ్ళు కాగేలా నిప్పు దగ్గర కూర్చోబెట్టిందెవరు? ప్రాణం పోసింది నిప్పుగుంట. మార్కులన్నీ తెల్లబట్టకా?

పైగా అంతా కోసేసి, కోసిన చోట నీ వాక్యం అతికించావు. ఎవరికి ఇబ్బందని కోశారో ఆ మాత్రం నాకు తెలీదా? నేను చెయ్యాల్సింది నేను చేశాను. ఏం చేశానని మాత్రం అడక్కు, సంఘం సభ్యురాలివి కదా, నీకు ఇరకాటం.

అమ్మని అడిగానని చెప్పు.

లాంతరు


జూలై 11

ఏమే,

నీ ఉత్తరం వచ్చిన రోజు కాలేజీలో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు తేదీ మర్చిపోయాననుకున్నారు.

కోశారు కోశారని అంత ఎగిరావు. కోసినవి నది వర్ణనలు! పిల్లలు ఆవలిస్తారని సంఘం కోసింది. అవి కూడా కొయ్యొద్దని నేను వాదించాను. నువ్వు ఎవరి ఇబ్బంది అంటున్నావో నాకు అర్థం కాలేదు. నది ఎవరికి ఇబ్బంది? అసలు నువ్వు నన్ను ఎప్పుడూ ఇంతే. ఎక్కడ సంతకం పెట్టినా అమ్ముడుపోయాననే అనుకుంటావు. ఇల్లు వదిలి కొండెక్కినంత మాత్రాన నీ ఒక్కదానిదే నిజాయితీ అయిపోదు. కుళాయి దగ్గర ఒక మొద్దు పిల్లాడు కూసిన కూతకి నేనా బాధ్యురాలిని? నీ తరగతి నువ్వు చూసుకోవద్దూ?

సరే. ఒకటి ఒప్పుకుంటాను. మార్కులన్నీ తెల్లబట్టకా అన్నావే, ఆ మాట వదలడం లేదు. బట్ట కప్పాడు, మంచి పనే. కానీ కప్పుకున్న పిల్ల అడిగిందా? రాసేటప్పుడు నాకు ఈ ప్రశ్న రాలేదు. ఇప్పుడు వస్తోంది, ఏం లాభం, అచ్చయిపోయింది.

అన్నట్టు, మనుషులు ఎంతకి తెగిస్తున్నారో చూడు. ఏదో బడి పాలకవర్గం నుంచి సంఘానికి ఒక ప్రశ్న వచ్చింది, పేర్లు తీసేసి మా ముందు పెట్టారు. ఒక ఉపాధ్యాయురాలు చవకరకం ముద్రణ ఒకటి పట్టుకొచ్చి, మన నవల్లో లేని అధ్యాయం పిల్లలకి చదివి వినిపించిందట. అందులో సర్వే అధికారులు ఘోరాలు చేస్తారట. ఇది అసలు పుస్తకంలో ఉందా అని అడిగారు. సంఘంలో అందరూ నా మొహం చూశారు. నాన్న బైండు ముందు పెట్టుకుని నేనే జవాబు రాశాను: "మొదటి ముద్రణలో అట్టి అధ్యాయం లేదు. తరువాత ఎవరో చేర్చినది." సంతకం పెడుతుంటే నాన్న పుస్తకాన్ని దొంగల చేతిలోంచి లాక్కున్నంత తృప్తి కలిగింది. అమ్ముకోవడానికని చివర మసాలా దట్టించినవాడొకడు, దాన్ని తరగతిలో చదివిన వెర్రిబాగుల టీచరొకత్తి! నువ్వెంత పెంకిదానివైనా అంత పని చెయ్యవు.

అమ్మ నీ ఉత్తరం నా చేతిలో చూసి, "చిన్నది తిట్టిందా? తిట్టిందంటే బాగున్నట్టే" అంది.

కొలబద్ద


జూలై 20

పాఠ్యపుస్తక సంఘం సభ్యురాలు గారికి,

ఆ వెర్రిబాగుల టీచరుని నేనే.

మీ జవాబు అందింది. నాకు కాదు, మా పాలకవర్గానికి. స్టాఫ్ రూములో రోజూ మేం టిఫిన్ డబ్బాలు పెట్టుకునే బల్లే, ఆ రోజు దాని మీద తెల్లటి గుడ్డ పరిచారు. ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. బిస్కెట్లు, టీ. "దయచేసి కూర్చోండమ్మా, మీరు కంగారుపడకండి" అన్నాడు పాలకవర్గం అధ్యక్షుడు. ఊళ్ళో కలప డిపో ఆయనదే. ప్రిన్సిపాల్ మేడమ్ మీ కాగితం చదివి నా ముందుకి జరిపింది. సంతకం కింద స్కేలు పెట్టి గీసినట్టు గీత. రెండో తరగతి నుంచీ అదే గీత. నేను బిస్కెట్ నోట్లో పెట్టుకుని ఉన్నాను. మింగలేక, ఉమ్మలేక ఎంతసేపు కూర్చున్నానో.

నా మీద నేరం ఏంటో తెలుసా? లేనిదాన్ని ఉందని పిల్లలకి చెప్పడం. ప్రస్తుతానికి తరగతికి వెళ్ళకూడదు. ఆగస్టు పదహారున మళ్ళీ విచారణ. ఇరవయ్యేళ్ళ ఉద్యోగం అక్కా, నీ గీత కింద ఉంది.

కొండవాడ పిల్ల అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఆ పుస్తకం చివరి అధ్యాయంలో ఉంది. అందుకే, పాత పుస్తకాల కొట్లో నేను కొన్న ముద్రణలోంచి చదివాను. అధ్యక్షుడుగారి కూతురు కూడా నా తరగతే, ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర తండ్రిని అడిగిందట, "నాన్నా, ఈ బల్ల మీద గుడ్డ ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకున్నాం?" అని. అంతే. ఆయన ముద్ద దిగలేదు.

పేరు లేకుండా ప్రశ్న వచ్చిందంటావు. నమ్మమంటావా? ఏం చేశానో అడక్కు అని నేను రాసిన వారానికే నీకు ఆ ప్రశ్న వచ్చింది. ఈ కొండ మీద బడులెన్ని? లాంతర్లెన్ని? చరిత్ర మేడమ్‌వి, రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడటం రాలేదా? లేక చూసి, కుర్చీ కదలకూడదని సంతకం పెట్టావా?

ఇదిగో, నా పుస్తకంలోంచి చివరి కాగితాలు చింపి పంపిస్తున్నాను. చదువు. లేని అధ్యాయం ఎలా ఉంటుందో చూడు. వరద తగ్గిన మర్నాడు అధికారి ఏం చేస్తాడో చూడు. ఆ పిల్ల భుజాల మీది బట్ట తిరిగి తెమ్మని మనిషిని పంపిస్తాడు. ఉతికిస్తాడు. ఆరేయిస్తాడు. మళ్ళీ బల్ల మీద పరిచి, లాంతరు పెట్టి, సమావేశం పెడతాడు. లోయలో మనుషులున్నారని రాస్తే ఆనకట్ట రాదు, ఇన్నాళ్ళ కొలతలూ వృథా. "దయచేసి ముందు మీరు చెప్పండి." "లేదు లేదు, మీ తర్వాతే." అలా, ఒక్కరు కూడా గొంతు పెంచకుండా, లోయలో ఎవరూ లేరని ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. తెల్లారేసరికి ఆ తీర్మానాన్ని నిజం చేస్తారు. తమని ఏరు దాటించిన తాడుతోనే, దాన్ని విసిరిన లోయ ముసలాయన చేతులు కట్టేస్తారు. నిప్పుగుంటలో ఏటి నీళ్ళు పోస్తారు. అయ్యాక బట్టని దులిపి మడతపెడతారు.

ఇది చదివితే నీ ముందుమాట సిగ్గుతో చచ్చిపోతుంది. అందుకే లేదన్నావు.

వెర్రిబాగుల టీచరు


జూలై 29

ఏమే, ఇంక చాలు.

నీ పేరుంటే నేను సంతకం పెట్టేదాన్నా? అలా అనుకోగలిగావంటే మనిద్దరం ఒక మంచం మీద ఎలా పెరిగామో నాకు అర్థం కావడం లేదు. తేదీలు పక్కపక్కన పెట్టలేదు, నిజమే. చెల్లెలి ఉత్తరాన్ని సాక్ష్యంలా చదవడం నాకు అలవాటు లేదు. నువ్వేమో ఏం చేశానో అడక్కు అంటావు, అడగకపోతే కుర్చీ కోసం అంటావు. ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? "అక్కా, నేను ఫలానాది చదివాను" అంటే ఆ ప్రశ్న రాగానే బస్సెక్కి వచ్చేదాన్ని కాదూ?

నువ్వు పంపిన కాగితాలు చదివాను. రాసినవాడు గట్టివాడే, కాదనను. కానీ అచ్చయినంత మాత్రాన అసలుదైపోతుందా? నాన్న ఈ పుస్తకం ఎన్నిసార్లు చదివాడు మనకి! ప్రతిసారీ బట్ట కప్పడంతోనే మూసేవాడు. నాన్న పుస్తకం తప్పంటావా? చిత్తుకాగితం మీద అచ్చేసినదాన్ని నమ్మి, నాన్న చేత్తో కుట్టినదాన్ని

జూలై 30

నిన్న ఇక్కడ ఆపేశాను. ఆ వాక్యం పూర్తి చెయ్యను.

నీ కాగితాల చివర "సమాప్తం" అని ఉంది. ఊరికే, నాన్న బైండు తీసి చివరి పేజీ చూశాను. బట్ట కప్పిన వాక్యం, కింద అట్ట. సమాప్తం లేదు. పాతకాలంలో వేసేవారు కాదేమో అనుకున్నాను. అదే అరలో అదే ప్రెస్సువాళ్ళ పాత పుస్తకాలు ఇంకో రెండు ఉంటే తీశాను. రెండిట్లోనూ ఉంది.

అమ్మ బాల్కనీలో బట్టలు మడతపెడుతోంది. పుస్తకం మొహం ముందు పెట్టి అడిగాను.

"అమ్మా, దీన్ని నాన్న ఎప్పుడైనా విప్పి కుట్టాడా?"

"విప్పక! చివర ఫారం తీసేశాడుగా."

ఫారం అంటే గుర్తుందిగా, పదహారు పేజీల మడత. నాన్న పుస్తకాలని పేజీల్లో లెక్కపెట్టేవాడు కాదు, ఫారాల్లోనే.

"ఎందుకు తీశాడు?"

"చిన్నదాని కోసం. మొదటిసారి చదివినప్పుడు చివరిదాకా చదివేశాడు మహానుభావుడు. అది అన్నం ముట్టదు. దుప్పటి కప్పబోతే, వద్దు, మళ్ళీ లాక్కుంటారని గుక్కపట్టి ఏడుపు. ఇంటిల్లిపాదికీ నిద్రల్లేవు. ఆ మడత తీసేసి మళ్ళీ కుట్టి, ఇదిగో చూడమ్మా, అయిపోయింది, ఇంకేం లేదు అని చూపించాడు. అప్పుడు పడుకుంది."

"నాకెందుకు తెలీదు?"

"నీకు ఒళ్ళంతా పొక్కులు. వెనక గదిలో ఉంచాం."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"అడిగావా? ఇంత చదువుకున్నదానివి, కొస లేని పుస్తకం పట్టుకుని ఊరేగుతున్నావని నాకేం తెలుసు!"

అక్కడే నిలబడి పుస్తకం తిరగేశాను. ముందు అధ్యాయం సరిగ్గా మడత చివర అయిపోయింది, అందుకే వాక్యం తెగలేదు, అనుమానం రాలేదు. నాన్న కుట్టు ఎక్కడా దొరకదు. ఎంత శ్రద్ధగా చేశాడో! ఆ శ్రద్ధ మీద నేను సంతకం పెట్టాను.

నీకు ఈ సంగతి నమ్మబుద్ధి అవుతుందో లేదో. నాకే సగం నమ్మకంగా లేదు. సంఘం అధ్యక్షుడికి రేపే రాస్తాను.

కొలబద్ద


ఆగస్టు 4

అక్కా,

నా కోసమా?

ఎవరు అడిగారు? ఏడిస్తే ఏడవనివ్వాల్సింది. తిండి మానేస్తే ఆకలేసినప్పుడు నేనే తినేదాన్ని. పక్కన కూర్చుని, అవునమ్మా, అలా చేసేవాళ్ళు ఉంటారు, ఆ పిల్లకి అన్యాయం జరిగింది అని ఒక్క మాట చెబితే పోయేది. అది చెప్పలేక కత్తి తీశాడు. పైగా నాకు చూపించి మరీ, అయిపోయింది, ఇంకేం లేదు అన్నాడు! మా పాలకవర్గం నాతో అంటున్నదీ అదే కదా. లోయలో ఎవరూ లేరు. పుస్తకంలో ఏమీ లేదు. ఎంత మర్యాదగా అన్నాడో మన నాన్న.

అమ్మకి చెప్పు, నాకు దుప్పటి సంగతి ఒక్క ముక్క గుర్తులేదని. కానీ ఇప్పటికీ ఎంత చలిలోనూ భుజాల దాకా కప్పుకోలేను. హాస్టల్లో అందరూ నవ్వేవాళ్ళు. నా తీరే అంత అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నీ కథ నిజమే అయ్యుంటుంది. అమ్మ మాటలు నువ్వు కల్పించలేవు, నీకంత చమత్కారం లేదు. అయినా నాకు దానివల్ల ఒరిగేదేముంది? అక్క చెప్పిందంటే ఇక్కడ ఎవరూ వినరు. సభ్యురాలు చెప్పాలి. లేదని రాసిన కాగితం మీదే, ఉందని రాసి పంపించు. పదహారులోపు. నువ్వు మాత్రం రాకు. నిన్ను చూస్తే అరవాల్సిన చోట ఏడుస్తాను.

లాంతరు


ఆగస్టు 12

లాంతరూ,

ఇవాళ సంఘం కూర్చుంది. నా ఒత్తిడి మీదే. చెప్పాల్సింది చెప్పాను: నా ప్రతిలో చివరి మడత లేదు, మా నాన్నే తీసేశాడు, మనం రాసిన జవాబు తప్పు, ఉపవాచకం కూడా సగంలో ఆగిపోయిన పుస్తకం. పక్కన నీ కాగితాలు పెట్టాను. వేట పుస్తకం అనుకున్నాయన మాత్రం కాగితాలు తిరగేసి, "చాలా బాగుందండీ" అన్నాడు. అంతా అయ్యాక అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీ బాధ మాకు అర్థమైందమ్మా. కుటుంబ విషయం కూడా ఉన్నట్టుంది."

"కుటుంబ విషయం కాదండీ. పుస్తకం విషయం."

"తప్పకుండా. కానీ ఒకసారి జవాబు పంపించాక మళ్ళీ కాదంటే సంఘం మాటకి విలువుండదు కదా. పుస్తకాలు కూడా బడులకి వెళ్ళిపోయాయి. వచ్చే ముద్రణలో చూద్దాం. అందరికీ సమ్మతమేనా? ఏకగ్రీవం అని రాసుకుందామా?"

మా బల్ల మీద గుడ్డ లేదు, గాజు పలక ఉంటుంది. నేను ఆ గాజులోనే చూస్తున్నాను. అందరి గడ్డాలూ తలకిందులుగా కనిపించాయి. అందరూ మంచివాళ్ళే. ఒకావిడ నిన్ననే అమ్మకి మందులు తెచ్చిపెట్టింది. ఎవరూ గొంతు పెంచలేదు.

"ఏకగ్రీవం అని రాయకండి" అన్నాను. "నేను ఒప్పుకోవడం లేదు. అది రాయండి."

"అలాంటి అలవాటు లేదమ్మా మన సంఘంలో."

"ఇవాళ్టి నుంచి ఉంటుంది."

అరిచానట. నేను అరిచానని నాకు తెలీలేదు, బయట ప్యూను తలుపు తీసి చూశాడు. రాశారు చివరికి. అది సంఘం మాట కాదు, నా ఒక్కదాని మాట. నువ్వు అడిగిన కాగితం ఇవ్వలేకపోతున్నాను. నా పేరు మీద, నా సంతకంతో ఒక వాంగ్మూలం రాసి ఇందులో పెట్టాను. కింద గీత గియ్యలేదు.

ఇంకో పని చేశాను, మంచిదో కాదో తెలీదు. ప్రెస్సుల వీధిలో ఒక బైండరు దగ్గరికి నాన్న పుస్తకం తీసుకెళ్ళి, నువ్వు చింపి పంపిన కాగితాలు చివర కుట్టమన్నాను. విడి కాగితాలు కదా, మందంగా కుట్టాల్సి వచ్చింది. కొలతలు కలవలేదు, చవక కాగితం అంచులు బయటికొచ్చాయి. "కత్తిరించి సమం చెయ్యమంటారా?" అన్నాడు. వద్దన్నాను. వికారంగానే ఉంది. నాన్న చూస్తే ఊరుకోడు. ఊరుకోకపోతే పోయె. అది కూడా పంపిస్తున్నాను, వాళ్ళ ముందు పెట్టు.

రావద్దన్నావు, రాను. కానీ పదహారున కాలేజీకి సెలవు పెట్టాను. ఇంట్లో ఊరికే కూర్చుంటాను.

నీ అక్క


ఆగస్టు 21

అక్కా,

ఉద్యోగం పోయింది. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచి చదివించడం మనింట్లో చాలా అయ్యింది.

అదే బల్ల, అదే గుడ్డ, ఈసారి కేకు కూడా. కూర్చోమన్నారు. "ఈ గుడ్డ తీసేస్తే కూర్చుంటాను" అన్నాను. ప్రిన్సిపాల్ మేడమ్ మొహం చూడాలి నువ్వు! ఎవరూ తియ్యలేదు. నిలబడే ఉన్నాను. నీ వాంగ్మూలం చదివాను. నాన్న పుస్తకం బల్ల మధ్యలో పెట్టాను. చివరి అధ్యాయం మొదలెట్టాను. అధ్యక్షుడుగారు మధ్యలో రెండుసార్లు "అర్థమైందమ్మా" అన్నాడు. ఆపలేదు. "సమాప్తం" దాకా చదివాను. ఏడవలేదు.

తర్వాత ఏమన్నాడో విను. "అధ్యాయం పుస్తకంలో ఉందని మేం ఒప్పుకుంటున్నాం. మీ అక్కగారి నిజాయితీకి జోహార్లు. కానీ ఉపవాచకంలో లేదు కదా. లేనిది చెప్పడం క్రమశిక్షణ కాదు కదమ్మా." అదీ సంగతి. పుస్తకంలో లేదని ఒకసారి, ఉన్నా లేనట్టేనని ఇంకోసారి. అందరూ తలలూపారు. ఏకగ్రీవం. అక్కడ నువ్వు లేవు మరి.

అక్కా, ఒళ్ళు మండిపోతోంది. ఇరవయ్యేళ్ళు! వెళ్ళేటప్పుడు కేకు ముక్క కాగితంలో చుట్టి ఇచ్చారు, తెలుసా? తీసుకున్నాను కూడా. చెయ్యి దానంతటదే చాచింది. గేటు దగ్గర కుక్కకి వేశాను, అది కూడా వాసన చూసి వదిలేసింది.

నీ మీద కోపం ఇంకా ఉంది. నువ్వు తెలిసి చెయ్యలేదని నమ్ముతున్నాను. తెలుసుకోకుండా చేశావు, దానికి వేరే కోపం. దాన్ని ఉత్తరంలో పెట్టలేను. సామాను సర్దుతున్నాను, వచ్చే వారం మీ ఇంటికే వస్తున్నాను. అమ్మకి చెప్పు, దుప్పటి మాట ఎత్తొద్దని.

ఇప్పుడు నువ్వు తిట్టే సంగతి. నాన్న పుస్తకం తేవడం లేదు.

నిన్న ఇద్దరు పిల్లలు గదికి వచ్చారు. కొండవాడ పిల్లా, అధ్యక్షుడుగారి కూతురూ. కలిసి వచ్చారో గేటు దగ్గర కలిశారో తెలీదు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు. "చివరిది ఇంకోసారి చదవాలి టీచర్, పుస్తకం ఇస్తారా" అంది అధ్యక్షుడుగారి కూతురు. నా దగ్గరున్నది ఇదొక్కటే. నాది చింపి నీకే పంపానుగా. ముందు ఎవరు తీసుకెళతారని అడిగాను. కొండవాడ పిల్ల పుస్తకం వైపు కూడా చూడలేదు.

"దాన్నే తీసుకెళ్ళమనండి టీచర్. మా ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలిసిందే. వాళ్ళింట్లోనే తెలీదు."

ఇచ్చేశాను. ఇవ్వకుండా ఎలా ఉండను? అధ్యక్షుడుగారి కూతురు దాన్ని రెండు చేతులా పట్టుకుని చూస్తుంటే ఒక సంగతి గమనించాను. నీ బైండరు చివర మందంగా కుట్టాడన్నావే, ఆ కుట్టు వల్ల పుస్తకం ఇప్పుడు సరిగా మూసుకోవడం లేదు. ఎక్కడ పట్టుకున్నా, ఎలా పెట్టినా, దానంతటదే ఆ చివరి అధ్యాయం దగ్గరే తెరుచుకుంటోంది.

రేపోమాపో అది వాళ్ళ భోజనబల్ల మీద ఉంటుంది. వాళ్ళ నాన్న పక్కకి జరపడానికైనా చేత్తో పట్టుకోకపోడు.

లాంతరు